తారీఖు అంటే తేదీ ఒక్కటే కాదు

ఉర్దూలో తారీఖ్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఉండేదీ తారీఖే, మధ్యాహ్నం పీరియడ్‌లో మాస్టర్‌సాబ్ చెప్పే బహమనీ సుల్తానుల పాఠమూ తారీఖే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గమనించాను, తెలుగు ఈ మాటను తెచ్చుకుంది గానీ సగమే తెచ్చుకుంది. తేదీని ఉంచుకుని చరిత్రను వదిలేసింది.

ఈ మాట ఎందుకెత్తానంటే, దిమాగీ బీమారీల డాక్టర్లు మర్జ్‌ను పట్టుకునేది తారీఖుతోనే. రెండర్థాల్లోనూ.

షుగర్ ఉందో లేదో రక్తం చెబుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. కానీ ఇది స్కిజోఫ్రేనియా, ఇది బైపోలార్ అని తేల్చిచెప్పే రక్తపరీక్ష ఇవాళ్టికీ లేదు. సైకియాట్రిస్టు రక్తం తీయిస్తాడు, ఒక్కోసారి స్కానూ తీయిస్తాడు. అవన్నీ థైరాయిడో, మెదడులో గడ్డో, ఇంకేదన్నా ఒంటి జబ్బో కాదని తేల్చుకోవడానికి. ఆ తర్వాత మిగిలేవి మాటలే. మరీజ్ ఏం చెబుతున్నాడు, ఇంటివాళ్లు ఏం చూశారు, ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లుంది, మధ్యలో మనిషి ఎలా ఉన్నాడు. అంటే దవాఖానాలో డాక్టరు చేతిలో ఎంత ఉందో, ఇంటి నుంచి వచ్చిన అమ్మీ, ఆపా, భాభీల జ్ఞాపకంలో అంతే ఉంది.

మన ఇళ్లలో ఈ సంగతి మాట్లాడుకునే తీరు చూడండి. ‘దిమాగ్ ఖరాబ్ హో గయా’ అంటాం. హౌలా అంటాం, పాగల్ అంటాం. కొంచెం మెల్లగా చెప్పాలంటే అసర్ అంటాం, సాయా పడింది అంటాం, హవా లగీ అంటాం. ఇన్ని మాటలున్నా అన్నిటినీ ఒకే గంపలో వేస్తున్నాం. వుజూ సరిగ్గా అయిందో లేదోనని ఇరవైసార్లు కాళ్లు కడుక్కునే పిల్లా, మూడు నెలలుగా మంచం దిగని కోడలూ, రాత్రంతా నిద్రపోకుండా ప్రపంచాన్ని మార్చేస్తానంటున్న కుర్రాడూ, ఎవరో తన అన్నంలో జహర్ కలుపుతున్నారని తలుపేసుకున్న చిచ్చా, అందరూ ఒకే గంపలో. మొదటిది వస్వసా, డాక్టర్లు ఓసీడీ అంటారు. రెండోది డిప్రెషన్ కావచ్చు. మూడోది మేనియా కావచ్చు. నాలుగోది స్కిజోఫ్రేనియా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ నలుగురికీ ఇలాజ్ ఒకటి కాదు. ఒకరి గోలీ ఇంకొకరికి జహర్ అయ్యే సందర్భాలూ ఉన్నాయి.

నేను డాక్టర్ని కాను, రిపోర్టర్ని. నాకు తెలిసిందంతా మా ఖాలా కొడుకు వెంట దవాఖానాల బెంచీల మీద కూర్చుని, అడిగి, చదివి తెలుసుకున్నదే. అతని ఇజాజత్‌తోనే, పేరు లేకుండా రాస్తున్నాను.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో అతను మంచం పట్టాడు. తిండి లేదు, మాట లేదు, స్నానం లేదు. ఊళ్లోని డాక్టరు డిప్రెషన్ అని గోలీలు రాశాడు. కొన్ని వారాలకు లేచాడు. ఇల్లంతా షుక్రియా నమాజ్ చదివింది. కానీ లేచినవాడు ఆగలేదు. రాత్రికి రెండు గంటల నిద్ర, మాట మీద మాట, జేబులో రూపాయి లేకుండానే సెల్‌ఫోన్ల దుకాణానికి బయానా. మహల్లాలో ప్రతివాడికీ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. అడ్డుపడిన అబ్బా మీద చెయ్యెత్తాడు. ముందు ఒక ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లారు, జిన్నాత్ అన్నాడు. తర్వాత ఒక పెద్ద దవాఖానాకు తీసుకెళ్లారు. నలుగురు పట్టుకుని లోపలికి తెచ్చిన మనిషి, అరుస్తున్నాడు, ‘నాకు పైనుంచి ఆవాజులు వస్తున్నాయి’ అంటున్నాడు. బయట పెద్ద లైను. ఆ రోజు చీటీ మీద స్కిజోఫ్రేనియా అని పడింది. ఆ మాట ఆరేళ్లు ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి నడుచుకుంటూ వచ్చింది. ఎవరూ మళ్లీ మొదటినుంచి అడగలేదు. ఆ గోలీలతో మనిషి లావయ్యాడు, నోటి వెంట ఉమ్మి కారేది, చేతులు వణికేవి. ఖాయమైన రిష్తా తెగిపోయింది.

2016లో ఇంకో ఊళ్లో ఒక డాక్టరమ్మ పాత చీటీలన్నీ పక్కన పెట్టి ఖాలా వైపు తిరిగింది. ‘అసలు ఎప్పుడు మొదలైందమ్మా?’ అని అడిగింది. ఖాలా దక్కనీలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాలి.

‘పీర్లు లేచిన దినాల్లో’ అంది ఖాలా.

‘అంటే ఏ నెల?’

ఖాలాకు జనవరి, ఫిబ్రవరి లెక్క లేదు. ఆమెకు ముహర్రం ఉంది, రజబ్ ఉంది, రంజాన్ ఉంది. మన చాంద్ నెలలు ఏడాదికి పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి కదా. ఆమె చెప్పిన ఏడాది 2009. ఆ ఒక్క ఏడాదిలో ఆషూరా రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి. ఏ ముహర్రం అని అడిగాను. ‘రెండోది బేటా. నడుమల మీ ఆపా షాదీ అయింది గదా, ఆ షాదీల బాగనే ఉన్నడు, బిర్యానీ వాడే వడ్డించిండు’ అంది. తేలిపోయింది, డిసెంబర్.

అలా రెండు గంటలు కూర్చున్నాం. ఒక కాగితం మీద గీత గీసి ఖాలా చెప్పిన పండగలన్నిటినీ ఇంగ్లీషు నెలల్లోకి మార్చాను. 2009 డిసెంబర్ నుంచి ఉదాసీ. మీలాద్ అయ్యాక గోలీలు మొదలు, మార్చి చివరకు జోరు. ఆ తర్వాత రెండేళ్ల దాకా మామూలు మనిషి. 2012లో రంజాన్ జూలైలో వచ్చింది, సహ్రీ కోసం లేచి మళ్లీ పడుకోవడం మానేశాడు, మళ్లీ జోరు, మళ్లీ ఆవాజులు. బక్రీద్ తర్వాత మళ్లీ మంచం. ఆ తర్వాత మళ్లీ రెండేళ్లు బాగు. 2015 రంజాన్‌లో మళ్లీ.

డాక్టరమ్మ అడిగిన సవాళ్లు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ‘నిద్ర పట్టక బాధపడేవాడా, లేక రెండు గంటలు పడుకుని తాజాగా లేచేవాడా?’ తాజాగా లేచేవాడు. ‘ఆవాజులు జోరు ఉన్న రోజుల్లోనే వచ్చేవా, మామూలుగా ఉన్న రోజుల్లో కూడానా?’ జోరులోనే. ‘మధ్య రెండేళ్లలో దుకాణం లెక్కలు చూసేవాడా? దోస్తులతో కలిసేవాడా? నవ్వేవాడా?’ అన్నీ చేసేవాడు. ఆమె కలం కింద పెట్టి, ‘ఇది బైపోలార్ అనిపిస్తోందమ్మా’ అంది. ఆవాజులు వినిపించినంత మాత్రాన అది స్కిజోఫ్రేనియానే కానక్కర్లేదనీ, మేనియా తీవ్రంగా ఉన్నప్పుడూ, డిప్రెషన్ బాగా ముదిరినప్పుడూ కూడా ఆవాజులూ వహమ్‌లూ రావచ్చనీ అప్పుడే తెలిసింది నాకు. బైపోలార్ చాలామందిలో మొదట డిప్రెషన్ ముఖంతోనే వస్తుంది. అలాంటప్పుడు డిప్రెషన్ గోలీ ఒక్కటే ఇస్తే కొందరిలో మనిషి అవతలి ఒడ్డుకు, మేనియాలోకి వెళ్లిపోవచ్చు.

ఈ మర్జ్‌లను వేరు చేయడానికి డాక్టర్లు వాడే కొలతలు చూస్తే అవన్నీ రోజుల లెక్కలే. అమెరికా సైకియాట్రిస్టుల కితాబు డీఎస్ఎమ్ లెక్క ఇది. డిప్రెషన్ అనాలంటే ఉదాసీ గానీ, దేనిమీదా మనసు లేకపోవడం గానీ, మిగతా లక్షణాలతో కలిసి కనీసం 2 వారాలు ఉండాలి. మేనియా అనాలంటే కనీసం 1 వారం, దవాఖానాలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే అంతకన్నా తక్కువైనా సరే. దాని చెల్లెలు హైపోమేనియాకు 4 రోజులు. స్కిజోఫ్రేనియా అనాలంటే మొత్తం మీద 6 నెలలు జబ్బు జాడలు ఉండాలి. ఈ రెండిటి నడుమ స్కిజోఅఫెక్టివ్ అని ఇంకొకటుంది. అందులో మూడ్ ఎగుడుదిగుళ్లూ ఉంటాయి, మూడ్ మామూలుగా ఉన్నప్పుడు కూడా కనీసం 2 వారాలు వహమ్‌లో, ఆవాజులో ఉంటాయి. ఇప్పుడు చెప్పండి, అరుస్తున్న మనిషిని ఒక్కరోజు, అయిదు నిమిషాలు చూసి ఇవన్నీ ఎవరు తేల్చగలరు? ఆ అయిదు నిమిషాల్లో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

స్కిజోఫ్రేనియా అని తేలితే జిందగీ అయిపోయిందని కాదు. దానికీ దవా ఉంది, దానితోనే నౌకరీలు చేస్తున్నవాళ్లున్నారు. అక్కడ ఇంటివాళ్లు గమనించాల్సింది ఇంకోరకం. చాలామందిలో అది చప్పుడు లేకుండా మొదలవుతుంది. చదువులో వెనకబడటం, దోస్తులను వదిలేయడం, స్నానం మానడం, ముఖంలో ఖుషీ, గమ్ రెండూ లేకపోవడం. ‘బద్ధకం, సెల్‌ఫోన్ పాడుచేసింది’ అని నెలలు గడిపేస్తాం. ఆవాజులు వచ్చాక గానీ దవాఖానా గుర్తుకురాదు. అసలు తారీఖు ఆవాజుల రోజు కాదు, దోస్తులను వదిలేసిన రోజు.

ఈ ఇల్మ్ మనకు పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో బల్ఖ్ ప్రాంతంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటి మీదా ఒకే కితాబు రాశాడు. అందులో గమ్‌ను రెండుగా విడదీశాడు. సబబ్ తెలిసినది, సబబ్ తెలియనిది. తెలిసిన గమ్‌కు మాటలతో ఊరట, తెలియనిది ఒంట్లోంచి వస్తుంది కాబట్టి దానికి దవా కూడా అన్నాడు. వేరుచేసి చూడటం అంటే అదే కదా. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో మాలీఖోలియాకు చోటిచ్చాడు. ఆ హకీములు చెప్పిన సౌదా, అంటే నల్లపిత్తం, ఇవాళ శాస్త్రం ఒప్పుకోదు. కానీ మర్జ్ అని చూశారు, పేరు పెట్టారు, ఇలాజ్ వెతికారు.

తారీఖుతో వేరుచేసే పద్ధతి మాత్రం జర్మనీ డాక్టర్ ఎమిల్ క్రేపెలిన్‌ది. ఆయన ఒక్కో మరీజ్‌కు ఒక్కో కార్డు పెట్టి, ఎలా మొదలైంది, ఏళ్లు గడిచాక ఏమయింది రాసుకునేవాడు. 1899లో తన పాఠ్యగ్రంథం ఆరో ముద్రణలో రెండు పెద్ద జబ్బులను విడదీశాడు. రాను రాను కిందికి జారేదొకటి, వచ్చి పోయి మధ్యలో మనిషిని మామూలుగా వదిలేదొకటి. మొదటిదాన్నే తర్వాత స్కిజోఫ్రేనియా అన్నారు, రెండోదే ఇవాళ్టి బైపోలార్‌కు మూలం. తర్వాతి డాక్టర్లు ఈ గీత అంత తిన్నగా ఉండదని చూపించారు. అయినా మా ఖాలా కాగితం మీద మేం గీసిన గీత, ఆయన కార్డుల వంశమే.

తారీఖు సరిగ్గా అడగకపోతే డాక్టర్లు కూడా ఎలా తడబడతారో 1960ల చివర్లో, 70ల మొదట్లో బయటపడింది. న్యూయార్క్‌లో స్కిజోఫ్రేనియా చాలా ఎక్కువ, లండన్‌లో మేనియా, డిప్రెషన్ ఎక్కువ అని దవాఖానాల లెక్కలు చెబుతుండేవి. ఒక బృందం రెండు ఊళ్లలోనూ ఒకే పద్ధతిలో, ఒకే సవాళ్లతో మరీజులను పరీక్షిస్తే ఆ తేడా చాలామటుకు మాయమైపోయింది. మనుషులు వేరు కాదు, పేరు పెట్టే అలవాటు వేరు. ఆ తర్వాతే, 1980లో డీఎస్ఎమ్ మూడో కూర్పుతో, ఎన్ని లక్షణాలు, ఎన్ని రోజులు అని రాతలో పెట్టారు. బైపోలార్‌కు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లోనే రాశాడు. అంటే పేరు మారితే దవా మారుతుంది, దవా మారితే జిందగీ మారుతుంది.

ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైన కొన్ని సంగతులు.

జిన్నాత్ ఉన్నారని మనమంతా నమ్ముతాం. అది అఖీదా, జబ్బు కాదు. మన సంగతులు తెలియని డాక్టరు ముందు ‘జిన్’ అనే మాట పడగానే దాన్ని వహమ్ కింద రాసుకునే ప్రమాదం ఉంది. అలాగని నోరు మూసుకోవద్దు. విడమరిచి చెప్పండి. ‘మేమందరం నమ్మేది ఇంతవరకు. వీడు చెప్పేది మా ఇంట్లో ఎవరూ నమ్మరు. సెల్ టవర్‌లో కూర్చున్న జిన్ తనకు హుకుం ఇస్తున్నాడంటాడు’ అని. ఆ గీత డాక్టరు కన్నా మీకే బాగా తెలుసు. మరహూమ్ అబ్బా ఖ్వాబ్‌లో కనిపించాడన్న మాటకూ, అబ్బా గోడలోంచి తిడుతున్నాడన్న మాటకూ తేడా మీరే చెప్పగలరు.

జచ్గీ తర్వాత చిల్లా నలభై రోజులు. ఆ రోజుల్లో బాలింత నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు మాట్లాడితే, బిడ్డ తనది కాదంటే, బిడ్డ గురించి భయంకరమైన వహమ్‌లు చెబితే, ఎక్కువగా అది కాన్పు తర్వాతి సైకోసిస్. చాలాసార్లు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది, బైపోలార్‌తో దీనికి దగ్గరి చుట్టరికం ఉంది. తావీజ్ కట్టి చూద్దామని ఆగే వ్యవధి ఇందులో లేదు. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు. అదే రోజు దవాఖానా.

దాదీ నిన్నటిదాకా బాగుండి, ఇవాళ సాయంత్రం నుంచి మనుషులను గుర్తుపట్టక, లేనివాళ్లతో మాట్లాడుతుంటే అది పిచ్చి కాదు, సాయా కాదు. జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్త గోలీయో కావచ్చు. డెలీరియం అంటారు. దానికి ముందు కావలసింది మామూలు డాక్టరు, అదీ వెంటనే. గంజాయి తాగే కుర్రాళ్లు, సారాయి ఒక్కసారిగా మానినవాళ్లు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు కూడా అచ్చం పిచ్చిపట్టినట్టే కనిపించవచ్చు. ఇంటి ఇజ్జత్ కోసం ఈ మాట దాచిపెడితే డాక్టరు దారి తప్పుతాడు.

రంజాన్ సంగతి. లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగి విషమవ్వచ్చు. వాంతులు, చేతుల వణుకు ఎక్కువవడం, తూలడం కనిపిస్తే ఆగకుండా దవాఖానాకు వెళ్లాలి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలతోనూ ఈ ప్రమాదం ఉంది. సహ్రీ, తరావీహ్‌లతో నిద్ర చెదరడం బైపోలార్‌వాళ్లకు ఇంకో గండం. కాబట్టి షాబాన్ నెలలోనే డాక్టరును కలవండి, లిథియం పరీక్ష చేయించుకోండి, రోజా ఉండొచ్చో లేదో, గోలీల వేళ ఎలా మార్చాలో అడగండి. మీ అంతట మీరు గోలీ మానొద్దు. మరీజ్‌కు రుఖ్సత్ ఇచ్చింది మన దీనే. ఖజా ఉంది, ఫిద్యా ఉంది. మీ సూరత్‌కు ఏది వర్తిస్తుందో ఆలిమ్‌ను అడగండి.

దువా చేయొద్దని ఎవరూ అనరు. ఇలాజ్ చేయించుకోమన్నదీ మన దీనే. కానీ ఇలాజ్ లేకుండా గొలుసు మాత్రమే ఉన్నచోట ఏం జరుగుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. దర్గా ఊళ్లో మనోరోగులను ఉంచే ఒక షెడ్డుకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసిన 28 మంది కాలి చనిపోయారు. వాళ్లలో ఎవరికి బైపోలార్, ఎవరికి స్కిజోఫ్రేనియా, ఎవరికి మూర్ఛ, ఎవరికి ఉత్త డిప్రెషన్? ఆ ప్రశ్నకు జవాబు దొరికే తారీఖు వాళ్లతోపాటే పోయింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మనోరోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

మా భాయ్ ఇప్పుడు లిథియం మీద ఉన్నాడు. అంతా కథలోలా బాగైపోయిందని చెప్పను. ఒకసారి ‘బాగానే ఉన్నా కదా’ అని మానేశాడు, నెల తిరక్కుండా నిద్ర తగ్గింది. ఖాలా రెండో రోజే పట్టుకుంది, మూడో రోజు డాక్టరు దగ్గరున్నాం, దవాఖానాలో చేర్చాల్సిన పని పడలేదు. పాత జమానాలో అయితే అది నలభై రోజుల తుఫాను.

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి ఫికర్ ఉంటే, ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. మొదట మార్పు కనిపించిన రోజు రాయండి, చాంద్ నెల గుర్తుంటే చాంద్ నెలే రాయండి. ఎన్ని గంటల నిద్ర, తర్వాత అలసట ఉందా లేదా. ఖర్చు, మాట, కోపం పెరిగాయా, తగ్గాయా. ఆవాజులు, షక్‌లు ఏ రోజుల్లో. పూర్తిగా బాగున్న రోజులు ఎన్నాళ్లు. ఇది చాలామంది మరిచిపోతారు, డాక్టరుకు కావలసింది మాత్రం ఇదే. ఏ గోలీ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది. ఖాందాన్‌లో ఇంకెవరికైనా ఉందా. చనిపోవాలని ఉందని ఎప్పుడైనా అన్నాడా. అంటే నోట్‌బుక్ పూర్తయ్యేదాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు.

డాక్టరు అయిదు నిమిషాల్లో చీటీ రాయబోతే అదబ్‌తోనే ఆ నోట్‌బుక్ ముందు పెట్టండి. ‘డాక్టర్‌సాబ్, ఒక్కసారి ఇది చూసి రాయండి’ అనండి. ఏళ్ల తర్వాత కూడా పాత పేరే నడుస్తుంటే, ‘ఇది ఇంకేదైనా కావచ్చా?’ అని అడగండి. అడగడం బద్‌తమీజీ కాదు. మంచి డాక్టరు ఆ సవాలు కోసమే ఎదురుచూస్తాడు.